రెండో గేరు నుంచి మూడో గేరుకు

నా మోటారుసైకిల్ రెండో గేరు నుంచి మూడో గేరుకు సవ్యంగా మారడం మానేసింది నా భార్య చనిపోయిన నెలలోనే. ఈ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో రాయగలగడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పట్లో అవి నాకు వేర్వేరు విషయాలు. ఒకటి బండికి వచ్చిన జబ్బు, రెండోది నాకు వచ్చిన కష్టం. కష్టానికి చెయ్యగలిగిందేమీ లేదు కనుక జబ్బు సంగతి తేల్చాలని పట్టుబట్టాను.

నేను కాలువల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. లాకుల దగ్గర నీటిమట్టం చూసి రాయడం నా ఉద్యోగం. మట్టం తగ్గితే ఎందుకు తగ్గిందో కూడా రాయాలి. నా తోటివాళ్ళు చాలామంది ‘కారణం తెలియదు’ అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. నేను గట్టు వెంట పైకి నడిచేవాణ్ణి. ఎవరైనా దొంగచాటుగా తూము ఎత్తారా, గట్టు బలహీనపడి నీరు పక్కకు పోతోందా, గుర్రపుడెక్క మొక్క పెరిగి అడ్డుపడిందా అని చూసేవాణ్ణి. ఎక్కడో ఒకచోట కారణం కనిపించేది. నీరు ఊరికే తగ్గదు, యంత్రం ఊరికే మొరాయించదు అన్నది నా నమ్మకం. ఉద్యోగం పోయినా రాసే అలవాటు పోలేదు. బండికి ఎప్పుడు ఆయిల్ మార్చిందీ, ఎప్పుడు చైను బిగించిందీ కొన్ననాటి నుంచి రాసి ఉంచాను.

బండి పాతది. ఆ మోడల్ తయారీ కంపెనీ ఎన్నడో ఆపేసింది. నాలుగు గేర్లు. ఎడమ కాలి కింద గేరు రాడ్డు ఉంటుంది. ముందు వేళ్ళతో నొక్కితే గేరు పెరుగుతుంది, వెనక మడమతో నొక్కితే తగ్గుతుంది. అమ్మేసి గేర్లు లేని స్కూటరు కొనుక్కోమని వీధిలో ప్రతివాడూ నాకు సలహా ఇచ్చినవాడే. అడగకుండా సలహా ఇచ్చేవాళ్ళకు మా బందరులో కొదవ లేదు.

లోపం మొదటిసారి కనిపించింది గిలకలదిండి నుంచి తిరిగి వస్తుండగా. చేపలు కొనడం ఆమె పని. హార్బరులో వేలం జరిగేచోట ఐసు నీళ్ళలో చెప్పులు తడుపుకుంటూ నిలబడి, మొప్పలు ఎత్తి చూసి, బేరమాడి, సంచి నింపుకుని వచ్చి వెనక కూర్చునేది. నేను దూరంగా బండి దగ్గర నిలబడి, వాసనకు ముక్కు మూసుకుని ఎదురుచూసేవాణ్ణి. చేపల పని ఆమెది, బండి పని నాది అనుకునేవాణ్ణి. ఆమె లేకుండా మొదటిసారి వెళ్ళిన రోజు ఏ చేప అడగాలో తెలియక ఉత్త సంచీతో వెనుదిరిగాను. దారిలో రెండో గేరు నుంచి మూడుకు మార్చబోతే కాలి కింద రాడ్డు ఎదురు తన్నింది. పళ్ళూ పళ్ళూ ఒరుసుకున్నట్టు అరికాలికి తెలిసింది. ఇంకోసారి నొక్కితే రెండుకూ మూడుకూ మధ్య ఎక్కడో నిలిచిపోయి, బండి లాగడం మానేసింది. మూడో ప్రయత్నానికి పడింది కానీ, బండి వెక్కిళ్ళు పెట్టినట్టు కుదిపింది. ఆ రోజు నుంచి ప్రతిరోజూ అంతే.

మా వీధి చివరి మెకానిక్ నాకు చాలా ఏళ్ళుగా తెలిసినవాడు. విషయం చెప్పాను. అతను బండి ఎక్కి సందు మలుపు దాకా వెళ్ళి వచ్చాడు.

“బాగానే పడుతోంది కదండీ.”

“నీకు పడుతోంది. నాకు పడటం లేదు.”

“అయితే బండికి మీ మీద అలకేమోనండీ” అన్నాడు. పక్కన టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వబోయి ఆపుకున్నాడు. ఆమె పెద్దకర్మకు అతను వచ్చి భోజనం చేసి వెళ్ళాడు. అది గుర్తుకొచ్చినట్టుంది, తల వంచుకుని, “పాపం, అమ్మగారు...” అని మొదలుపెట్టాడు.

“నేను అమ్మగారి గురించి అడగలేదు. గేరు గురించి అడిగాను.”

అతను క్లచ్ వైరు వదులుగా ఉందన్నాడు. బిగించాడు. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేరు ఒరుసుకుంటుందని నాకూ తెలుసు కనుక సరేనన్నాను. మర్నాటికి మళ్ళీ అదే తంతు. ఆయిల్ పల్చబడిందన్నాడు, మార్చాడు. అదే తంతు. క్లచ్ ప్లేట్లు అరిగాయన్నాడు. పాతవి తీసి చేతిలో పెట్టినప్పుడు అవి అంతగా అరిగినట్టు నాకు కనిపించలేదు, అయినా కొత్తవి వేయించాను. ప్రతిసారీ అతను నడిపితే లోపం లేదు, నేను నడిపితే ఉంది. అతని ముందు ఒదిగి ఉండి నా దగ్గర మొరాయించడానికి అదేమన్నా దూడా? చివరికి జరిగినదంతా వరుసగా కాగితం మీద రాసి, ఒకదాని తర్వాత ఒకటి మూడు మరమ్మతులు చేసి కూడా కారణం కనుక్కోలేకపోవడం వృత్తికి తగదని కింద సంతకం పెట్టి అతనికి ఇచ్చాను. అతను నూనె చేతులు తుడుచుకుని, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, “చదువుతానండీ” అన్నాడు. చదివాడో లేదో తెలియదు. నేను మళ్ళీ ఆ షెడ్డుకు వెళ్ళలేదు.

నా చెవుల సంగతి ఇక్కడే రాయాలి. కొన్నేళ్ళుగా నా వినికిడి తగ్గుతూ వచ్చింది. డాక్టరు పరీక్ష చేసి మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే పళ్ళెం మీద చెంచా పడిన చప్పుడు తలలో పిడుగులా దిగేది, ఎదుటి మనిషి మాట మాత్రం అంతకుముందు లాగే ముద్దగా ఉండేది. తీసి బీరువాలో పెట్టేశాను. మనుషులు ఈ మధ్య నోట్లోనే గొణుక్కుంటున్నారని విసుక్కునేవాణ్ణి. ఆమె వాదించేది కాదు. నాకు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది. దానివల్ల ఆమె మాట ఒక్కటీ నేను పోగొట్టుకోలేదు, నాకు వినబడుతోందనే అనుకున్నాను.

బండి బాగుపడాలని నేను అంత తొందరపడటానికి ఒక కారణం ఉంది. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానం చేయడం మా ఇద్దరికీ అలవాటు. ఏటా ఈ బండి మీదే వెళ్ళేవాళ్ళం. ఆమె అస్థికలు కూడా అక్కడే కలిపాం. అయితే ఆ రోజు నన్ను కారులో ఇద్దరు బంధువుల నడుమ ఇరికించి తీసుకువెళ్ళారు. ఎవరో కుండ పట్టుకున్నారు, ఎవరో మంత్రం చెప్పించారు, ఎవరో టైమవుతోందని తొందరపెట్టారు. చేతిలోది నీళ్ళలో వదిలేలోపు భుజం పట్టుకుని ఒడ్డుకు తిప్పేశారు. అది వీడ్కోలు కాదు. ఎవరి సామానునో ఎవరో దించేసినట్టుంది. ఈ పౌర్ణమికి నేను నా బండి మీద, మేము ఎప్పుడూ వెళ్ళే దారిలో, ఆమె దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. గేరు పడని బండి మీద ఆ దూరం వెళ్ళలేను. బస్సులో వెళ్ళనని శపథం చేసుకున్నాను. కనుక పౌర్ణమి లోపల కారణం దొరకాలి.

గట్టు వెంట పైకి నడిచే పద్ధతినే పట్టుకున్నాను. లోపం లేని నాటికీ, ఉన్న నాటికీ మధ్య ఏం మారింది? రోడ్డు అదే. పెట్రోలు పోయించే బంకు అదే. నడిపే మనిషిని నేనే, చెవులు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. చాలాసేపు ఆలోచించాక ఒకటి తట్టింది. బరువు. ఈ కొన్నేళ్ళుగా నేను బండి తీస్తే చాలు ఆమె వెనక ఎక్కేది, బండి ఎప్పుడూ ఇద్దరినే మోసింది. వెనక బరువు పోయేసరికి చైను బిగువు మారి ఉంటుంది, ఆ మార్పు గేరు బాక్సుకు తగులుతూ ఉంటుంది. ఇది శాస్త్రీయమైన ఆలోచన అని అప్పుడు నాకు తోచింది, గర్వం కూడా కలిగింది.

ఇంట్లో ఆమె కొని ఉంచిన బియ్యం బస్తాలు అలాగే ఉన్నాయి. ఒక్కడు ఎంత తింటాడు. రెండు చిన్న బస్తాలు కలిపితే ఆమె బరువుకు దగ్గరగా ఉంటుందని లెక్కవేసి, వెనక సీటు మీద నైలాను తాడుతో కట్టాను. కట్టాక అది సరికాదనిపించింది. ఆమె రెండు కాళ్ళూ ఎడమవైపు వేసుకుని పక్కకు కూర్చునేది. బరువు నడిమధ్యన ఉండేది కాదు. తాడు విప్పి, బస్తాలను కాస్త ఎడమకు జరిపి, మళ్ళీ కట్టాను. పరీక్ష అన్నాక కచ్చితంగా ఉండాలి. అలా కట్టిన బస్తాలతో గుడివాడ బయలుదేరాను. పాత బండ్ల ఇంజన్లు విప్పడంలో అక్కడొకతనికి పేరుందని విన్నాను.

దారి పొడవునా రోడ్డు పక్కవాళ్ళు నన్ను చూశారు. బియ్యం బస్తాల కోసం కాదని, బండి చేస్తున్న గోలకు చూశారని ఇప్పుడు తెలుసు. గేరు మాత్రం అలాగే మొరాయించింది. బరువు కారణం కాదని పెడన చేరేలోపే తేలిపోయింది. అయినా బస్తాలు దించలేదు.

గుడివాడ మెకానిక్ బండి చుట్టూ తిరిగి చూశాడు.

“ఈ బియ్యమేంటి సార్? డెలివరీయా?”

“పరీక్ష.”

అతను పానా అందుకున్నాడు. ఇంజను దించి విప్పుతుంటే నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. గేర్ల చక్రాలు ఒక్కొక్కటీ కిరసనాయిలులో కడిగి గుడ్డ మీద పేర్చాడు. గేర్లను పక్కకు జరిపే ఫోర్కు తీసి నా ముందు పెట్టాడు.

“చూడండి. పళ్ళు ఎక్కడా విరగలేదు. ఫోర్కు వంగలేదు. బండి వయసుకి ఇలా ఉండటమే గొప్ప. ఎవరు నడిపారో గానీ చాలా పద్ధతిగా నడిపారు.”

“నేనే నడిపాను.”

“మరి ఈ ఒరుసుకున్న గీతలు? ఇవి కొత్తవి. ఈ మధ్యనే పడ్డాయి.”

“అదే అడుగుతున్నాను. ఎందుకు పడ్డాయి?”

“నాకు తెలీదు సార్” అన్నాడు.

ఉద్యోగంలో నేను జీవితమంతా అసహ్యించుకున్న జవాబు అది. ఫోర్కు మార్చమన్నాను. మార్చినా ఉపయోగం ఉండదన్నాడు. మార్చమని గట్టిగా అన్నాను. నా గొంతు పెరిగినట్టుంది, పక్క కొట్టువాడు బయటికి వచ్చి చూశాడు. మార్చాడు. కొత్త భాగంతో, అవే బస్తాలతో తిరుగు ప్రయాణం మొదలుపెట్టాను. గుడ్లవల్లేరు దాటక ముందే రాడ్డు మళ్ళీ కాలికి ఎదురు తన్నింది. ఆ కుదుపుకు తాడు వదులై బస్తాలు ఒక పక్కకు ఒరిగాయి. బండి ఆపి, దిగి, రెండు చేతులతో వాటిని నిలబెడుతూ, “సరిగ్గా కూర్చో” అన్నాను.

పైకే అన్నాను. నా మాట నాకు వినబడింది. ఆ తర్వాత ఆ రోడ్డు పక్కన, బండికి ఆనుకుని, ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

పౌర్ణమికి ముందు రోజు ఆమె తమ్ముడు వచ్చాడు. దివిసీమలో, కోడూరు దగ్గర పల్లెలో వ్యవసాయం. మినుములు తెచ్చి వసారాలో దించి, బండి వైపు చూశాడు.

“ఇంకా దీన్ని వదల్లేదా బావా? గుడివాడ దాకా తిప్పారంట.”

“పౌర్ణమికి దీని మీదే వస్తున్నాను.”

“హంసలదీవి? అది మిమ్మల్ని చల్లపల్లి కూడా చేర్చదు. నాతో బస్సెక్కండి.”

“చేరుస్తుంది.”

అతను కాసేపు తల గోక్కున్నాడు. “సరే అయితే, నేనూ ఎక్కుతా. పడితే ఇద్దరం పడదాం. మిమ్మల్ని ఒక్కళ్ళనీ వదిలేశానని అక్క చేత తిట్లు తినే ఓపిక నాకు లేదు.”

పౌర్ణమి నాటి పొద్దున బయలుదేరాం. ఆమె పోయాక వెనక సీటు మీద మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. మొదట అతను వెనక కమ్మీ పట్టుకుని బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. రెండుసార్లు గేరు ఒరుసుకున్నప్పుడు అతని మోకాళ్ళు నా నడుముకు గట్టిగా తగిలాయి. ఊరు దాటి చల్లపల్లి రోడ్డు మీదికి వచ్చాక, గడ్డి వేసుకుని వెళ్తున్న ట్రాక్టరును దాటబోయాను. రెండో గేరులో ఉన్నాను. ముందు రోడ్డు ఖాళీ. ట్రాక్టరు పక్కకు వచ్చేసరికి నా కుడి భుజం మీద అరచెయ్యి చరిచింది.

“గేరెయ్యి బావా!”

నాతో ఎన్నడూ ‘అండి’ విడవని మనిషి ఆ తొందరలో విడిచేశాడు. ఆ మాట నాకు సగమే వినబడింది. కానీ చెయ్యి భుజాన్ని తాకిన క్షణానే నా ఎడమ చెయ్యి క్లచ్ పట్టింది, కాలి వేళ్ళు రాడ్డు నొక్కాయి. నేను చెయ్యమని అనుకోలేదు. అవే చేశాయి. మూడో గేరు నీళ్ళలో రాయి మునిగినంత మెత్తగా పడింది.

ట్రాక్టరు వెనకబడింది. మళ్ళీ ఒకచోట గేదెలు అడ్డం వచ్చి వేగం తగ్గించి, మళ్ళీ పెంచవలసి వచ్చింది. అతను మళ్ళీ భుజం తట్టాడు, ఈసారి మెల్లిగా. గేరు పడింది. ఇంకో చోట మళ్ళీ. అతనికి అదొక ఆటలాగా తోచినట్టుంది, మోపిదేవి దాకా తడుతూనే వచ్చాడు. అంత దూరంలో ఒక్కసారి కూడా గేరు ఒరుసుకోలేదు.

మోపిదేవిలో టీ కొట్టు దగ్గర ఆపాను.

“బండి బ్రహ్మాండంగా ఉంది కదా బావా. పాపం మెకానిక్కులందర్నీ తిట్టి పోశారు.”

“భుజం మీద ఎందుకు కొట్టావు?”

“కొట్టక? బండి గొంతు చించుకుని అరుస్తుంటే మీరు రెండులోనే లాగుతున్నారు. ఒక్కోసారి ఇంకా స్పీడు అందుకోకుండానే మూడు వేసేస్తున్నారు, అప్పుడేమో మూలుగుతోంది. మీకు విన...”

అతను ఆ మాట పూర్తి చెయ్యలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ముఖంలో నవ్వు పోయింది.

“ఏమిటి?”

“ఏం లేదులెండి.”

“చెప్పు.”

“అక్క ఒక మాటనేది. మా ఇంటికొచ్చినప్పుడల్లా అనేది. ‘మీ బావ హ్యాండిల్ పట్టుకుంటారంతేరా, బండి నడిపేది నేను’ అని. పడీపడీ నవ్వేది. మిమ్మల్ని ఆటపట్టించడం అక్కకి మామూలేగా. అదీ అలాంటిదే అనుకున్నా.”

అతని ముఖం చూడలేక రోడ్డు వైపు చూశాను. అప్పుడు ఒక్కొక్కటీ తోసుకువచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆమె వెనక కమ్మీ పట్టుకునేది, నన్ను తాకేది కాదు. నలుగురిలో భర్త భుజం మీద చెయ్యి వేసే మనిషి కాదు. నడివయసు దాటాక ఎప్పుడో ఆ చెయ్యి నా కుడి భుజం మీదికి వచ్చింది. “ఏమిటిది, కోనేరు సెంటరులో అందరూ చూస్తున్నారు” అంటే, “పడిపోతానేమోనని భయమండీ” అంది. వయసు మీద పడుతోంది కదా, నిజమే అనుకున్నాను. ఆ వేళ్ళు ఊరికే ఉండేవి కావు. ఒకసారి నొక్కేవి. కాసేపాగి మళ్ళీ ఒకసారి. స్పీడు బ్రేకరు ముందు వెంటవెంటనే రెండుసార్లు తట్టేవి. ఒకసారి నొక్కితే పెంచాలి, రెండుసార్లు తడితే తగ్గించాలి. ఈ ఒప్పందం మా మధ్య ఏనాడూ జరగలేదు. ఆమె నోటి వెంట గేరు అన్న మాటే నేను వినలేదు. నా శరీరానికి ఆమె మెల్లమెల్లగా నేర్పింది, నాకు చెప్పకుండా నేర్పింది. ఆమెకు బండి నడపడం రాదు. వెనక కూర్చుని ఇంజను గొంతు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో వింటూ నేర్చుకుంది. నా చెవులు పోయాయని నాకంటే ముందు ఆమెకు తెలుసు. తన చెవులను నా భుజం మీద పెట్టింది.

గుడివాడ మెకానిక్ గేరు పళ్ళు చూసి చాలా పద్ధతిగా నడిపారన్నాడు. ఆ మెచ్చుకోలును నేను తీసుకున్నాను.

నాకు కోపం వచ్చింది. నిజం రాస్తున్నాను, అక్కడ ముందుగా వచ్చింది కోపమే. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు ఇంత పని చేస్తూ ఒక్క మాటైనా ఎందుకు అనలేదు? తమ్ముడితో నవ్వుతూ చెప్పగలిగింది నాతో ఎందుకు చెప్పలేదు? పోట్లాడదామంటే ఎదుట మనిషి లేదు. చెప్పి ఉంటే నేను వాదించి ఉండేవాణ్ణని, నాకు శుభ్రంగా వినబడుతోందని నిరూపించడానికి ఆ చేతిని తీసెయ్యమనేవాణ్ణని కూడా తెలుసు. ఆమెకూ తెలుసు.

“పదండి బావా, జనం పెరిగితే బండి పెట్టుకోవడానికి చోటుండదు” అన్నాడు అతను. ఆ తర్వాత పులిగడ్డ దగ్గర నది దాటి, అవనిగడ్డ మీదుగా కోడూరు దాకా, అక్కడి నుంచి హంసలదీవి దాకా భుజం మీద అతని చెయ్యి అలాగే ఉంది. అతను తట్టడం మానలేదు. కానీ మునుపటిలా ఆటగా తట్టలేదు.

హంసలదీవిలో ఎప్పటిలాగే జనం. తడి చీరలు గాలికి ఆరబెట్టుకుంటున్నవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకుని ఇసుకలో నడుస్తున్నవాళ్ళు, మడ చెట్ల వైపు పడవలు. నది నీరు సముద్రాన్ని తాకేచోట నడుములోతుకు దిగాం. అతను దోసిట నీళ్ళు తీసుకుని ఎదురుగా చల్లి, పక్కవాళ్ళందరికీ వినబడేలా, “అక్కా! బావొచ్చారు! బండి మీదే వచ్చారు!” అని అరిచాడు. అరిచి, ముఖం కడుక్కునే నెపంతో చాలాసేపు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

నేను ఏం చెప్పాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ఇంటి సంగతులు, పైపు మరమ్మతు, నిమ్మచెట్టు కాపు. ఒక్కటీ చెప్పలేదు. మూడుసార్లు మునిగాను. నీళ్ళలో మునిగితే లోకంలోని చప్పుడంతా ఆగిపోతుందంటారు. నాకు పెద్ద తేడా తెలియలేదు. ఇంత నిశ్శబ్దంలో నేను ఎన్నేళ్ళుగా బతుకుతున్నానో, దాన్ని నిశ్శబ్దం అని నాకు తెలియనివ్వకుండా ఆమె ఎంత పాటుపడిందో, తల నీళ్ళలో ఉండగా అర్థమైంది. పైకి లేచినప్పుడు నా ముఖం మీది నీళ్ళలో ఏవి నదివో ఏవి నావో ఆ జనంలో ఎవరూ చూడలేదు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున బయలుదేరే ముందు అతను ఎర్ర గోళ్ళరంగు సీసా పట్టుకుని వచ్చి బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. స్పీడు చూపించే అద్దం మీద మూడు గీతలు గీశాడు.

“ముల్లు ఈ గీత తాకితే రెండు. ఇది తాకితే మూడు. ఇక్కడికొస్తే నాలుగు. తగ్గించేటప్పుడు ఇదే లెక్క, తిరగేసి. చెవుల్లేనోళ్ళు బండ్లు నడపట్లేదా బావా? కళ్ళతో నడపండి.”

అది సరైన పరిష్కారమే. నేను ఉద్యోగంలో ఉండగా ఎవరైనా ఇలాంటి ఉపాయం చెబితే మెచ్చుకుని రాసుకునేవాణ్ణి. అతన్ని కూడా మెచ్చుకోవలసింది. తల మాత్రం ఊపాను. అతను వీధి చివరి దాకా బండి పక్కన నడిచి వచ్చాడు.

ఒంటరిగా అదే దారిలో వెనక్కి వచ్చాను. ముల్లు గీతను తాకింది, మార్చాను, పడింది. రెండో గీత, మూడో గేరు, పడింది. కోడూరు దగ్గర పడింది, అవనిగడ్డలో సంత జనం మధ్య పడింది, నది మీద పడింది. ఎక్కడా ఒరుసుకోలేదు, కుదపలేదు. ఇన్ని నెలలుగా నేను కోరుకున్నది అదే. ఊరూరా తిరిగి, మనుషులతో తగాదా పడి, బస్తాలు కట్టుకుని వెతికింది దీనికోసమే. బండి బాగుపడింది. ఆమె చేసిన పనిని మూడు ఎర్ర గీతలు చేస్తున్నాయి. చక్కగా చేస్తున్నాయి. ఇక నుంచి నేను ఎక్కడికైనా ఒంటరిగా వెళ్ళగలను.

చల్లపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. రెండో గేరులో ఉన్నాను. ముల్లు గీతను తాకింది. నేను మార్చలేదు. ముల్లు గీతను దాటి ముందుకు పోయింది. హ్యాండిల్ నా అరచేతుల్లో వణకసాగింది, ఆ వణుకు మోచేతుల దాకా, అక్కడి నుంచి భుజాల దాకా పాకింది. మినుము చేలో పని చేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి నా వైపు చూశారు. బండి అంత గట్టిగా అరుస్తోందన్నమాట. నా కుడి భుజం ఎదురుచూసింది. ఇంజను పాడవుతుందని తెలిసి కూడా ఇంకొంత దూరం అలాగే పోనిచ్చాను.

తర్వాత క్లచ్ పట్టి నేనే మార్చాను. మూడో గేరు ఏ అడ్డూ లేకుండా పడింది.